శౌరమ్మ గారి బొమ్మకు దండ

విజయవాడ,
3 నవంబరు 2025

అత్తయ్యా,

నువ్వు పంపిన మామిడితాండ్ర హాస్టల్‌కు చేరిన సాయంత్రమే అయిపోయింది. మా గదిలో వాళ్లకు సిగ్గు లేదు. నాకు దక్కింది చివరి ముక్క. వాళ్లందరూ నీకు దణ్ణాలు చెప్పమన్నారు, చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. గవర్నర్‌పేటలో పాత పురుళ్ల ఆసుపత్రిని పడగొట్టారని నాన్న నీకు చెప్పే ఉంటాడు. ఆ స్థలంలో ఆసుపత్రికే కొత్తగా పెద్ద భవనం లేస్తోంది. చుట్టూ మనిషికి రెండింతల ఎత్తున రేకులు బిగించారు. ఆ రేకుల మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు, రేకుల కింద మగవాళ్లు నిలబడి చేసే పని. ముక్కు మూసుకోకుండా ఆ వీధిలో నడవలేకపోతున్నాం అని షాపుల వాళ్లు గొడవ చేస్తే, ఆసుపత్రి వాళ్లు ఆ గోడను బొమ్మలు వేయమని మా కాలేజీకి అప్పగించారు. హైదరాబాద్ నుంచి కిరీటి గారని, మేడల గోడల మీద బొమ్మలు వేసే ఆర్టిస్టు వచ్చారు. ఆయనతో ఇంకో ఇద్దరు అనుభవమున్న వాళ్లు, ఫైనలియర్ వాళ్లం మేము. తలా ఒక భాగం. కట్టడం పూర్తయ్యేదాకా బొమ్మలు అక్కడే ఉంటాయి. మాకిచ్చిన విషయం 'ఇక్కడ పుట్టినవాళ్లు'.

నేను పుట్టింది కూడా అక్కడే కదా. ఏం వేస్తే బాగుంటుందో చెప్పు. నాకు బ్రష్ పట్టుకోవడం నేర్పింది నువ్వు. బొమ్మలు ఫోన్లో పంపితే వేలితో సాగదీసి చూడాలని నువ్వు విసుక్కుంటావు కాబట్టి, గోడ కొలతలు ఈ కాగితం వెనక గీశాను. అయ్యాక నువ్వు వచ్చి చూడాలి.

నీ మేనకోడలు,
కీర్తన


మైలవరం,
7 నవంబరు 2025

కీర్తనా,

ఉత్తరం అందింది. మీ మామయ్య తోటలో కలుపు తీయిస్తున్నాడు. మోకాలి నొప్పి అంటూనే రోజూ గట్లన్నీ తిరిగొస్తాడు. నేను చెబితే వినడు.

రేకుల గోడ సంగతి చదివాను. ఆ పని నాకు నచ్చలేదు. ఊళ్లో ఇంకే గోడలూ లేవా? కాలవ గట్టున ఎన్ని ఖాళీగా ఉన్నాయి. చదువు చివరి ఏడాదిలో ఉన్నావు, కాన్వాసు మీద మంచి పని చేసుకో. ఆ ఆసుపత్రి గోడ వేరేవాళ్లకు వదిలెయ్యి. నేను వచ్చి చూడటం కుదరదు. బస్సు ప్రయాణం పడటం లేదు.

వేళకు తిను.

అత్తయ్య


విజయవాడ,
11 నవంబరు 2025

అత్తయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎక్కడైనా ఒక మంచి మాట ఉంటుందేమోనని.

రేకుల మీద వేసేది బొమ్మ కాదని నువ్వు అనుకుంటావని నాకు తెలియదు. మైలవరం హైస్కూల్లో పిల్లల చేత సైకిల్ షెడ్డు గోడల మీద బొమ్మలు వేయించింది నువ్వే. ప్రతి సెలవుల్లోనూ నన్ను అక్కడ కూర్చోబెట్టింది నువ్వే. కాన్వాసు ముందుకు వచ్చి నిలబడేవాళ్లు ఎంతమంది? ఇక్కడ బొమ్మ సగంలో ఉండగానే ఆటోలు ఆపుకుని చూస్తున్నారు. పోస్టర్లు గీకి, ప్రైమర్ కొట్టిన రోజున ఎదురుగా లాడ్జి ఆయన మాకందరికీ టీ పంపించాడు. ఆ వీధిలో వాళ్లకు మేమేదో మేలు చేసినట్టుంది. నువ్వు కోప్పడినా నేను ఇది వదలను.

నా భాగంలో ఏం వేస్తున్నానో చెబుతాను. ఈ ఆసుపత్రిలో ఆయాగా చేసిన శౌరమ్మ గారని ఒకావిడ ఉన్నారు. నేను పుట్టినప్పుడు నన్ను తెచ్చి నాన్న చేతిలో పెట్టింది ఆవిడేనట. రిటైరై చాలా రోజులైనా వెనక సందులోనే ఉంటున్నారు. భవనం పడగొట్టాక కూడా సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటారు. ఎక్కడ కూర్చోవాలో తెలియడం లేదమ్మాయ్ అన్నారు. బొమ్మ వేస్తానంటే నవ్వారు, సరేనన్నారు.

'ఇక్కడ పుట్టినవాళ్లు' అంటే అందరూ పిల్లలను వేస్తున్నారు. నాకు మాత్రం వాళ్లను మొదట ఎత్తుకున్నావిడను వేయాలనిపించింది. నీకు నచ్చకపోతే నచ్చకపోయింది.

కీర్తన


మైలవరం,
16 నవంబరు 2025

కీర్తనా, బంగారూ,

కోపంలో కూడా నీ దస్తూరి వంకర పోలేదు, అది చూసి సంతోషించాను. రేకుల మీద వేసేది బొమ్మ కాదని నేను ఎన్నడూ అనుకోలేదు. అంతకుమించి ఇప్పుడు ఏమీ రాయలేను. నొచ్చుకోకు.

శౌరమ్మ గారు ఇంకా అక్కడే ఉన్నారని నువ్వు రాస్తేనే తెలిసింది. ఆవిడ బొమ్మ నువ్వు వేస్తున్నావు. మంచిది. చాలా మంచిది.

ఒక మాట చెబుతాను. వయసు మళ్లినవాళ్ల ముఖం వేసేటప్పుడు ముడతల దగ్గర మొదలుపెట్టకు. ముందు కళ్ల కింద నీడ సరిచూసుకో, మిగతాది దానంతటదే వస్తుంది. ఎండకు రేకు వేడెక్కితే రంగు జారుతుంది, పొద్దున్నే పని మొదలుపెట్టు. టోపీ పెట్టుకో. ఆవిడ చెంపకు పెద్ద పుట్టుమచ్చ ఉండాలి. ఉందా?

పక్కింటి రామతులసి కూతురికి సంబంధం కుదిరింది. చీరల కోసం నెలకోసారి బెజవాడ తిరుగుతోంది. ఈసారి వచ్చినప్పుడు నీకు సున్నుండలు పంపిస్తాను, గదిలో వాళ్లకు కనబడకుండా దాచుకో.

అత్తయ్య


విజయవాడ,
1 డిసెంబరు 2025

అత్తయ్యా,

పుట్టుమచ్చ ఉంది. ఎడమ చెంపకు. నీకెలా తెలుసు? నన్ను చూడటానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు చూసి ఉంటావు అనుకున్నాను. కానీ నువ్వు అప్పుడు ఆసుపత్రికి రాలేదనీ, ఇంటికి తెచ్చాకే చూశావనీ నాన్న అంటున్నాడు. నాన్నకు ఏదీ సరిగా గుర్తుండదు.

కళ్ల కింద నీడ గురించి నువ్వు చెప్పింది చేసి చూశాను. కిరీటి గారు అక్కడే నిలబడిపోయి, ఇది ఎవరు నేర్పారమ్మా అని అడిగారు. మా అత్తయ్య అని చెప్పాను. నీ మీద కోపమంతా ఆ క్షణంలోనే పోయింది.

బొమ్మ నిన్నటితో అయింది. భుజాల దాకా కాదు, నడుము దాకా వేశాను. తెల్ల చీర, వెనక లేత పసుపు వెలుగు. కింద పెద్ద అక్షరాలతో 'శౌరమ్మ' అని రాశాను. ఎంతకాలం పనిచేశారో కూడా ఉంటే బాగుంటుందని కిరీటి గారంటే, పేరు కింద '1981 – 2019' అని వేశాను. ఒకటే లోటు. ఆవిడ ఇంకా చూడలేదు. జ్వరం తగ్గాక గాలి మార్పు ఉంటుందని కొడుకు యేసుకుమార్ గారు కొండపల్లిలో తమ ఇంటికి తీసుకువెళ్లారట. వచ్చాక నేనే చెయ్యి పట్టుకుని గోడ ముందుకు తీసుకువెళ్తాను.

రామతులసి గారిని గోడ చూసి వెళ్లమను. నువ్వు రాలేకపోయినా ఆవిడ కళ్లతోనైనా చూసినట్టుంటుంది.

నీ కీర్తన


మైలవరం,
8 డిసెంబరు 2025

కీర్తనా,

శనివారం రామతులసి గవర్నర్‌పేట వెళ్లి వచ్చింది. శౌరమ్మ గారి బొమ్మకు దండలు వేసి ఉన్నాయనీ, ముందు అగరొత్తులు వెలుగుతున్నాయనీ చెప్పింది. ఒక ఆటో అబ్బాయి ఏడుస్తున్నాడట. జ్వరమని నువ్వు రాశావు కానీ ఇంత తొందరగా పోతారని అనుకోలేదు. ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ గురించి నోటితో మాట్లాడటం నా వల్ల కాలేదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు పుట్టడానికి మూడేళ్ల ముందు నేనూ ఆ ఆసుపత్రిలో చేరాను. నెలలు నిండాయి. లోపల గుండె చప్పుడు వినపడటం లేదన్నారు. అయినా కనక తప్పదు కదా. అయిపోయాక నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పక్క మంచాల మీద పిల్లలు ఏడుస్తున్నారు. మీ నాయనమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. చూస్తే మర్చిపోలేవు, చూడకపోవడమే మంచిదని అందరూ నన్ను ఒప్పించబోయారు. అప్పుడు శౌరమ్మ గారు లోపలికి వచ్చి, అందరినీ వరండాలోకి పంపి, తలుపు దగ్గరగా వేశారు. బిడ్డకు వేడినీళ్లతో ఒళ్లు తుడిచి, ఉతికిన గుడ్డలో చుట్టి నా ఒళ్లో పెట్టారు.

"చూసుకోమ్మా. నీ బిడ్డే గదా," అన్నారు.

నేను వేళ్లు చూశాను, చెవులు చూశాను. చాలాసేపు చూశాను. ఆవిడ తొందర పెట్టలేదు. తలుపుకు వీపు ఆనించి నిలబడి, ఎవరు తట్టినా కాసేపాగమన్నారు. ఆ సాయంత్రం నన్ను తల్లిగా చూసిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నేను బాధపడతానని ఎత్తలేదు, వాళ్లది తప్పని అనను. నేను మళ్లీ ఆ వీధిలోకి వెళ్లలేదు. నువ్వు పుట్టినప్పుడు కూడా గుమ్మం దాకా రాలేకపోయాను. మీ నాన్నకు ఈసారి సరిగానే గుర్తుంది.

ఆ గోడ వదిలెయ్యమని నీకెందుకు రాశానో ఇప్పుడు అర్థమవుతుంది. ఆవిడకు ఒక్కసారైనా చేతులెత్తి దణ్ణం పెట్టి ఉంటే బాగుండేది. ఆవిడ పిల్లలు కనబడితే నా తరపున చెప్పు. మైలవరంలో ఒక ఆడమనిషి మీ అమ్మను తలుచుకుంటూ ఉంటుందని చెప్పు.

నువ్వు ఆవిడ బొమ్మ వేశావు. నేను చెప్పలేనిది అంతమందిలో నువ్వు చెప్పినట్టయింది. నా తల్లీ, చల్లగా ఉండు.

అత్తయ్య


విజయవాడ,
11 డిసెంబరు 2025

అత్తయ్యా,

శౌరమ్మ గారు బతికే ఉన్నారు.

నీ ఉత్తరం చదవగానే ఫోన్ చేశాను. మామయ్య ఎత్తి, నువ్వు రామతులసి గారితో బజారుకు వెళ్లావన్నాడు. ఆవిడ బతికే ఉన్నారని చెప్పు మామయ్యా అంటే, ఎవరావిడ అన్నాడు. ఏం చెప్పాలో తెలియక పెట్టేశాను. అందుకే ఇది స్పీడ్‌పోస్టులో పంపుతున్నాను.

నీ గురించి నేనేం అనుకున్నానో తలుచుకుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. అది ఎదురుగా చెబుతాను. ముందు జరిగింది రాస్తాను.

తప్పంతా ఆ రెండు సంవత్సరాలది. పెద్ద బొమ్మ, కింద పేరు, దాని కింద గీతతో రెండు సంవత్సరాలు. పైగా వారం రోజులుగా గేటు దగ్గర ఆవిడ స్టూలు ఖాళీ. ఇంత ముసలావిడ 1981లో పుట్టి ఉంటుందా, మొన్నటిదాకా ఇక్కడ కూర్చున్నావిడ 2019లో ఎలా పోతుంది అని ఒక్కరూ ఆలోచించలేదు. ఆటోస్టాండులో బాబీ అని ఉన్నాడు, ఈ ఆసుపత్రిలోనే పుట్టాడు. అతనే మొదట చామంతి దండ తెచ్చి మేకుకు తగిలించాడు. ఇక మేము కాలేజీ పరీక్షల్లో ఉండగా వరసపెట్టి వచ్చారు. అవనిగడ్డ నుంచి ఒకావిడ ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. బొమ్మకు చూపించి, వీళ్లు ముగ్గురూ నీ చేతిలో పడ్డవాళ్లేనమ్మా అని చెప్పుకుందట.

కొండపల్లికి పరామర్శ ఫోన్లు మొదలయ్యాయి. యేసుకుమార్ గారు మంగళవారం వచ్చి మా మీద విరుచుకుపడ్డారు. "మా అమ్మను బతికుండగానే పటం చేసి గోడకెక్కిస్తారా? మీ ఇంట్లో వాళ్లకిట్టా చేస్తారా?" అన్నారు.  కిరీటి గారు క్షమాపణ చెబుతూనే ఉన్నారు.

ఇంతలో శౌరమ్మ గారే ఆటో దిగారు. కొడుకు వద్దన్నా వెనకాలే వచ్చేశారు. బొమ్మ ముందు నిలబడి దండలన్నీ చూశారు. అక్కడున్న వాళ్లలో ఒకరిద్దరు భయపడి వెనక్కి జరిగారు. తర్వాత వాళ్లే దగ్గరకు వచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నారు. బాబీ అయితే చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ కొడుకుతో అన్న మాట నేను మర్చిపోలేను. "కోప్పడమాకరా యేసూ. మనిషి పోయినాక ఎవరు ఏడ్చారో ఆ మనిషికి తెలుస్తదా? నేను వినగలిగా. ఇంతమందికి నేను గుర్తున్నానని ఇయ్యాలే తెలిసింది."

యేసుకుమార్ గారు తల్లికి స్టూలు తెచ్చి వేశారు. దండలు మాత్రం తీసేయించారు.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. పురుళ్ల ఆసుపత్రి ముందు పోయినవాళ్ల పటం లాంటిది ఉంటే గర్భిణులు జంకుతారని ఆసుపత్రి మేనేజరు గారు పట్టుబట్టారు. సోమవారం లోపల ఆ భాగానికి తెల్లరంగు కొట్టేయాలట. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, అదే నా బాధ. సంవత్సరాలు చెరిపేశాం, అయినా చూసేవాళ్లకు అలాగే అనిపిస్తోంది. ఏం మార్చాలో కిరీటి గారికీ తోచడం లేదు.

అత్తయ్యా, ఆదివారం రా. బొమ్మ పోయేలోపల రా. ఆవిడ ఇక్కడే ఉన్నారు, సాయంత్రాలు బొమ్మ కిందే కూర్చుంటున్నారు. నువ్వు చెప్పాలనుకున్నది నేను చెప్పను. నువ్వే చెప్పు. బస్టాండుకు నేను వస్తాను.

నీ కీర్తన


విజయవాడ,
18 డిసెంబరు 2025

అత్తయ్యా,

నువ్వు ఎక్కిన బస్సు కనుమరుగయ్యాక తిరిగి గోడ దగ్గరకే వెళ్లాను. రంగు ఇంకా ఆరలేదు. వాచ్‌మన్ హనుమయ్య గారు ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నారు.

అంతసేపు మేమందరం ముఖం దగ్గర, రంగుల దగ్గర వెతుకుతుంటే, నువ్వు వచ్చిన కాసేపటికే చెప్పేశావు. "చేతులు ఖాళీగా ఉన్నాయి, అందుకే పోయినావిడలా ఉంది. ఆ చేతుల్లో బిడ్డను పెట్టండి" అన్నావు. కిరీటి గారు వెంటనే బ్రష్ నీ చేతికిచ్చి, మీరే పెట్టండి మేడమ్ అన్నప్పుడు నువ్వు వెనక్కి తగ్గావు. వెయ్యవేమో అనుకున్నాను. శౌరమ్మ గారు స్టూలు ముందుకు జరుపుకుని, తువ్వాలు చుట్టి బిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాక కదా నువ్వు కదిలింది. చీర కొంగు దోపుకుని, మా అందరి మధ్య నిలబడి నువ్వు ఆ బిడ్డను వేస్తుంటే నేను రంగులు అందించాను. నా చిన్నప్పుడు నువ్వు నాకు అందించినట్టు. ఇంతకంటే ఏం కావాలి నాకు?

సోమవారం పొద్దున్నే మేనేజరు గారు తెల్లరంగు డబ్బాతో సహా వచ్చారు. కాసేపు బొమ్మ చూశారు. దారిన పోతున్న ఒక నిండు గర్భిణి ఆగి, భర్తతో ఫోటో తీయించుకుంది. అది చూశాక ఆయన డబ్బా లోపల పెట్టించేశారు. ఉండనివ్వండి అన్నారు. యేసుకుమార్ గారు నిన్న భార్యాపిల్లలను తీసుకొచ్చారు. నా దగ్గరకు వచ్చి, ఆ రోజు గట్టిగా మాట్లాడాను, మనసులో పెట్టుకోవద్దండీ అన్నారు. క్రిస్మస్ రోజు భోజనానికి కొండపల్లి రమ్మన్నారు. వెళ్తాను.

ఆ బిడ్డ ముఖం ఎవరిదని కిరీటి గారు అడిగారు. తెలియదన్నాను.

నేను టీ తేవడానికి వెళ్లి వచ్చేసరికి మీరిద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో అడగను. చెప్పాలనిపిస్తే రాయి.

ఎప్పటికీ నీకు రుణపడి,
కీర్తన


మైలవరం,
22 డిసెంబరు 2025

నా తల్లీ,

రుణం అని రాయకు. మన మధ్య ఆ మాటేమిటి? నువ్వు రమ్మనకపోతే నేను ఆ వీధి చూడకుండానే వెళ్లిపోయేదాన్ని.

చెబుతాను. నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను?

నీకు రాసిందంతా ఆవిడకు చెప్పాను. దణ్ణం పెట్టాను. ఆవిడ చాలాసేపు నా ముఖంలోకి చూసి, "అబద్ధం చెప్పలేనమ్మా, నాకు గుర్తు రావట్లేదు. అట్టాంటి తల్లులు చానామంది," అన్నారు. బాధ కలుగుతుందేమో అనుకున్నాను, కలగలేదు. ఆవిడ నా ఒక్కదానికోసం ఆ తలుపు వేయలేదు. ఆ స్థితిలో ఉన్న ప్రతి తల్లికీ వేశారు. ఎంతమంది వీపులు నిమిరి ఉంటారో. అది తెలిశాక నాకు ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

తర్వాత ఆవిడ, "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగారు.

ఆడపిల్ల అన్నాను.

"పేరనుకున్నావా?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు కీర్తనా. మా అమ్మ అడగలేదు, మీ మామయ్య అడగలేదు. సాయిశ్రీ అని చెప్పాను. ఆవిడ ఆ పేరు ఒకసారి తనూ పలికారు. మంచి పేరమ్మా అన్నారు. అప్పుడే నువ్వు టీ తెచ్చావు.

ఇంటికి వచ్చాక మీ మామయ్య అన్నం తింటూ, ఆ ఫోన్లో కీర్తన చెప్పిన ఆవిడ ఎవరు అని అడిగాడు. దాచలేదు. మొత్తం చెప్పాను. పేరు కూడా చెప్పాను. కంచంలో చెయ్యి అలాగే పెట్టుకుని విన్నాడు. వరండాలో నిలబడ్డవాళ్లలో ఆయనా ఒకడు. బిడ్డను ఆయనకు ఎవరూ చూపించలేదు. మగవాళ్లు చూడకూడదని పెద్దవాళ్లు అప్పటికప్పుడు పూడ్చడానికి తీసుకెళ్లిపోయారట. నాకు ఆ సంగతి ఇన్నాళ్లకు తెలిసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి, "నీ పోలికా, నా పోలికా?" అని అడిగాడు.

ముక్కు మీ పోలికే అన్నాను.

 మర్నాడు బజారుకు వెళ్లి తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చాడు. ఆదివారం మొదటి బస్సుకు బయలుదేరతాం. గోడ దగ్గర ఆయన కాసేపు ఒంటరిగా నిలబడితే, నువ్వు దగ్గరకు రాకు. పిలిచినప్పుడు రా.

మీ అత్తయ్య,
నాగమల్లేశ్వరి